మండువ నుంచి కాంపౌండు దాకా
(మా ప్రాంతపు కల్లు దుకాణం చరిత్ర)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఊరి చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. గుడుల గురించి, గడీల గురించి, చెరువుల గురించి రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. అందుకని ఎవరూ ముట్టని విషయం నేను తీసుకుంటానన్నాను. అది కల్లు దుకాణం. కార్యదర్శిగారు ఒక్క క్షణం నావైపు చూసి, "మీరే రాయాలి మరి" అని నవ్వారు. ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా చేరి ముప్పయి ఏండ్లకు పైగా చెట్ల లెక్కలు, దుకాణాల లెక్కలు రాసి పదవీ విరమణ చేసిన వాణ్ణి కాబట్టి ఆ మాట నాకు తగినదే.

మొదటే ఒక మనవి. ఇది కల్లు మంచిదని చెప్పే వ్యాసం కాదు, చెడ్డదని చెప్పే వ్యాసం కూడా కాదు. మన ఊళ్ళలో బడి, గుడి, చావడి ఎలాగో కల్లు దుకాణం కూడా అలాగే ఒక చోటు. ఆ చోటు ఎలా పుట్టింది, ఎలా మారింది, ఎందుకు పోయింది అనేది చెప్పడమే నా ఉద్దేశం.

మాది రావిర్యాల ప్రాంతం. హైదరాబాదుకు దక్షిణాన, ఇబ్రహీంపట్నం, మహేశ్వరం వైపు ఉన్న రాళ్ళ నేల. ఇవాళ ఆ పేరు చెప్పగానే పిల్లలకు 2016లో వచ్చిన వండర్‌లా గుర్తుకొస్తుంది, కారున్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు మీది రావిర్యాల ఎగ్జిట్ గుర్తుకొస్తుంది. నా వయసువారికి మాత్రం చెరువు, చెరువు కింది తరి, కట్టల మీద, వాగుల ఒడ్డున ఈతచెట్లు, గట్ల మీద తాళ్ళు గుర్తుకొస్తాయి. ఆ చెట్లు లేకపోతే దుకాణం లేదు. నేను చెప్పబోయే కథంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

మూడు మాటలు

కల్లు అమ్మే చోటుకు మా ప్రాంతంలో మూడు మాటలున్నాయి: మండువ, దుకాణం, కాంపౌండు. మూడూ ఒకటే అనుకుంటారుగాని కావు. మండువ అంటే గీసినవాడే తన లొట్లు దించి తానే పోసే చోటు. చాలాచోట్ల అది చెట్ల కిందే ఉండేది. దుకాణం అంటే సర్కారు దగ్గర గుత్త పట్టినవాడో, లైసెన్సు తీసుకున్నవాడో గౌండ్లవాళ్ళ దగ్గర కల్లు కొని అమ్మే చోటు. కాంపౌండు అంటే చుట్టూ గోడ కట్టి, ఎక్కడెక్కడి నుంచో బండ్లలో, తరువాత లారీలలో, డ్రమ్ములలో తెప్పించి పోసే చోటు. పట్నంలో దీన్నే సేంధీఖానా అనేవారు. సేంధి అంటే ఈతకల్లు.

ఈ మూడింటి వరుస గమనించండి. మండువలో చెట్టు కళ్ళముందే ఉంటుంది. దుకాణంలో చెట్టు ఊళ్ళోనే ఉంటుంది. కాంపౌండుకు వచ్చేసరికి చెట్టు ఎక్కడుందో తాగేవాడికే కాదు, పోసేవాడికీ తెలియదు.

మండువ

తెలియనివారి కోసం గీత పని గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈతచెట్టును మట్టకింద మొవ్వు దగ్గర చెక్కి, అక్కడ కారే నీటిని లొట్టిలోకి పట్టాలి. తాటిచెట్టుకు గెలను కట్టి, నలిపి, కొసను రోజూ పలచగా కోయాలి. పోతుతాడుకు ఒక కాలం, పండుతాడుకు ఒక కాలం ఉంటుంది. మొత్తం మీద ఈతకల్లు చలికాలానిది, తాటికల్లు ఎండాకాలానిది. గౌండ్లాయనకు మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి ఉంటే చాలు, కాని చెట్టు మీద చెయ్యి కుదరాలి. లోతుగా చెక్కితే చెట్టు చస్తుంది, పైపైన గీస్తే కల్లు రాదు. ఈతచెట్టుకు మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా ఏటా గీస్తే ఎక్కువ కాలం బతకదు. అందుకే గౌండ్లవాళ్ళు చెట్టును పశువును చూసుకున్నట్టు చూసుకునేవారు.

తెల్లవారకముందు దించినది తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి పనికిరాదు. అంటే కల్లు నిలవ ఉండే సరుకు కాదు, దూరం పోయే సరుకు కూడా కాదు. ఆ రోజు ఆ ఊరిలో దిగింది ఆ ఊరిలోనే తాగాలి. మండువ ఊరికొకటి ఉండడానికి కారణం ఇదే.

ఈ వృత్తి ఎంత పాతదో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టినవాడు. ఔరంగజేబు కాలం చివర, అతని తరువాత గడబిడ సంవత్సరాలలో షాపురం కోట ఆధారంగా మొగలు ఫౌజుదార్లను ఎదిరించాడు, 1708లో వరంగల్లు మీద పడ్డాడు, 1710లో చంపబడ్డాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతణ్ణి దొంగగా రాశాడు. మన జానపదులు వీరుడిగా పాడుకున్నారు. ఒకే మనిషిని కాగితం ఒకలాగా, పాట మరొకలాగా గుర్తుంచుకున్నాయి. కల్లు దుకాణం విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. తేడా ఏమంటే కాగితంలో అది రాబడి పద్దుగా మిగిలింది, పాటకు మాత్రం నోచుకోలేదు.

మండువలో జరిగేది తాగడం ఒక్కటే కాదు. పోచమ్మకు, ఎల్లమ్మకు బోనం ఎత్తితే కల్లు సాక పోయాలి. పెండ్లి సంబంధం ఖాయమైతే రెండు వైపులవారు కూర్చుని తాగాలి. కులపంచాయతీలో తప్పు వేస్తే ఆ పైసలతో కల్లు తెప్పించి, తగాదా పడ్డవారి చేతనే ముందు తాగించేవారు. చావు జరిగిన ఇంట దినం నాడు కల్లు ఉండవలసిందే. నాట్లు, కోతలు అయిపోయిన సాయంత్రం కూలివాళ్ళకు పోయించడం ఆసామి బాధ్యత. ముసలమ్మలు కూడా ఒక కొంగు కప్పుకుని కూర్చుని తాటాకు దొప్ప పట్టి తాగేవారు. దాన్ని ఎవరూ తప్పుగా చూసేవారు కాదు. నంచుకోవడానికి ఉడికించిన శనగలో, గుడాలో అమ్మే ఆడమనిషి పక్కనే ఉండేది. అరువు తాగినవాడి లెక్క గోడ మీద బొగ్గు గీతలు. ఆ గీతలు చదవడం గౌండ్లాయనకొక్కడికే వచ్చు.

అంతా చల్లగా ఉండేదని అనను. మండువలో కూడా ఊరి కట్టుబాట్లు ఉండేవి. దళితులు దూరంగా కూర్చోవలసిందే, వారికి ఎత్తి పోయవలసిందే. ఒకే చెట్టు కల్లు, కాని తాగే చోట్లు వేరు. కూలి పైసలు ఇంటికి చేరకుండా మండువలోనే ఆగిపోతే ఆ రాత్రి పొయ్యి వెలగని ఇండ్లూ ఉండేవి. మండువ తలచుకుని మురిసిపోయేవారు ఈ రెండూ మరచిపోకూడదు.

సర్కారు చెయ్యి

చెట్టు మీద సర్కారు చెయ్యి ఎప్పటి నుంచో ఉంది. నిజాం రాజ్యంలో భూమి శిస్తు తరువాత చెప్పుకోదగిన పెద్ద రాబడులలో ఆబ్కారీ ఒకటి. 1316 ఫసలీలో, అంటే సుమారు 1907 ప్రాంతంలో, హైదరాబాదు ఆబ్కారీ చట్టం వచ్చింది. పట్టా భూమిలో ఉన్నా ఈతచెట్టు, తాటిచెట్టు గీయాలంటే సర్కారు అనుమతి కావాలి. ప్రతి చెట్టుకూ పన్ను కట్టాలి. దీన్నే మావాళ్ళు చెట్టు రకం అనేవారు. భూమి యజమానికి ముట్టేది హక్కె మాలికానా అనే చిన్న మొత్తం. గీసేవాడికి మిగిలేది తన కష్టం.

హైదరాబాదు చుట్టుపట్ల ఊళ్ళలో చాలా భాగం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చు కింద ఉన్న ఇలాకా. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసేదాకా ఈ వైపు ఊళ్ళ రాబడి నేరుగా ప్రభువు ఖజానాకే వెళ్ళేది. అందులో ఈతచెట్ల రాబడీ ఉంది.

దుకాణం పుట్టింది ఇక్కడే. సర్కారు ఒక్కొక్క చెట్టు వెంట తిరగలేదు గనుక దుకాణాలను హర్రాజు వేసింది. ఎక్కువ పాడినవాడు ముస్తేదారు. ముస్తేదారు పైసలు కట్టి గుత్త పడతాడు, గౌండ్లవాళ్ళు అతనికి కల్లు పోస్తారు. మండువలో తన సరుకు తానే అమ్ముకునే మనిషి దుకాణం వచ్చాక మరొకరికి పోసే మనిషి అయ్యాడు. ముస్తేదార్లలో గౌడులూ ఉన్నారు. వారు మేడలు కట్టారు. చెట్టెక్కేవాడు చెట్టు మీదనే ఉన్నాడు.

ఈ రాబడి ఎంత ముఖ్యమో తెలుసుకోవాలంటే 1947 సంగతి చూడాలి. హైదరాబాదు సంస్థానాన్ని ఇండియన్ యూనియన్‌లో కలపాలని స్వామి రామానందతీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం చేసినప్పుడు, సత్యాగ్రహులు చేపట్టిన పనులలో ఒకటి ఈతచెట్లు నరకడం. చెట్టు నరికితే నిజాం ఖజానాకు గండి పడుతుందని వారి ఆలోచన. రాజకీయంగా అది సరైన దెబ్బే. కాని ఆ చెట్టు కింద బతికే గౌండ్లాయన పొయ్యిలోని నిప్పు కూడా దానితోనే ఆరిందన్న మాట ఉద్యమ చరిత్రలలో అంతగా కనబడదు.

సంఘాలు

రాజ్యం మారింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చి పాత హైదరాబాదు ఆబ్కారీ చట్టం స్థానం తీసుకుంది. 1978 ఆగస్టు 15న మన రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. హర్రాజులు మాత్రం సాగాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హర్రాజు రోజు కచేరీ ముందు జాతరలాగా ఉండేది. పాట పాడేవారి వెనుక పాడించేవారు, వారి వెనుక పైసలు పెట్టేవారు నిలబడేవారు. గీసేవారు మాత్రం చెట్టు నీడన బీడీ కాలుస్తూ, ఏ ముస్తేదారుకు తాము దక్కుతామో అని ఎదురు చూసేవారు.

దీన్ని మార్చాలని పట్టుబట్టినవారిలో సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షంగారు ముఖ్యులు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసి, తరువాత శాసనసభ్యులుగా, 1991లోనూ 1996లోనూ నల్లగొండ నుంచి పార్లమెంటు సభ్యులుగా గెలిచినవారు. గీత పనివారిని సంఘటితం చేయడానికి జీవితమంతా తిరిగారు. 2011లో కన్నుమూశారు. దుకాణం గీసేవాడిదే కావాలి, ముస్తేదారుది కాదు అన్నది ఆ ఉద్యమం సారాంశం. దాని ఫలితంగా కల్లుగీత సహకార సంఘాలు బలపడ్డాయి. సంఘం లేని చోట గీసేవాడికే వ్యక్తిగతంగా చెట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. శాఖలో మేము వాటిని టి.సి.ఎస్., టి.ఎఫ్.టి. అని పొట్టిపేర్లతో పిలిచేవాళ్ళం.

సంఘం బాగా నడిచిన ఊళ్ళలో దుకాణం మళ్ళీ మండువ వంటిదయింది. చెట్లకు నంబర్లు వేయడానికి మా ఇన్‌స్పెక్టరుగారి వెంట వెళ్ళినప్పుడు సంఘం పెద్ద ఒక్కొక్క చెట్టును పేరుపెట్టి చెప్పేవాడు. "ఇది మా తాత గీసింది సార్, ఇది కొత్తది, దీనికి ఈ ఏడు నంబరు వద్దు, ఒట్టిపోయింది" అనేవాడు. రిజిస్టరులో మేము రాసేది ఒక అంకె. ఆయనకు అది ఒక ప్రాణం. ఉద్యోగంలో నాకు తృప్తినిచ్చిన పనులేవని అడిగితే చెట్లకు నంబర్లు వేసే ఆ పొద్దుటి తిరుగుళ్ళే చెబుతాను.

సారా, నిషేధం, కల్లు

ఊరి కల్లు దుకాణాన్ని నిషేధం మూయించిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సంవత్సరాలు చూస్తే తెలుస్తుంది.

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ కాలంలో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా పాకెట్లలో ఊరూరికీ చేరింది. పాకెట్టు నిలవ ఉంటుంది, జేబులో పడుతుంది, పొద్దున్నా రాత్రీ దొరుకుతుంది. ఒక పూటకే పులిసిపోయే కల్లుకు అది పోటీ. సారా పాకెట్లతో ఇండ్లు ఎలా కూలాయో మన తరానికి చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవారు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా, తరువాత రాష్ట్రమంతా పాకింది. వర్ధినేని రోశమ్మగారి పేరు దానితోనే వినబడింది. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం అమలు చేసింది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఇన్ని మలుపులలో కల్లును ఎవరూ నిషేధించలేదు. సంపూర్ణ నిషేధం రోజులలో కూడా కల్లుకు మినహాయింపు ఉంది. చెట్టు నుంచి దిగే కల్లు వేరు, బట్టీలో కాచే సారా వేరు అని చట్టం కూడా ఒప్పుకుంది. మరి దుకాణం చెడింది ఎక్కడ?

కాంపౌండు

సారా పోయింది, బ్రాందీ పోయింది, తాగేవారు మాత్రం పోలేదు. నిషేధం రోజులలో అందరూ కల్లు మీద పడ్డారు. పట్నం పెరుగుతూ ఉంది, చుట్టూ చెట్లు తగ్గుతూ ఉన్నాయి. నూరు లొట్ల కల్లు దిగే చోట వేయి లొట్లు అమ్మవలసి వస్తే ఏం చేస్తారు? నీళ్ళు కలుపుతారు. నీళ్ళు కలిపితే రుచి పోతుంది గనుక శాకరిన్ కలుపుతారు. కిక్కు రాదు గనుక మొదట క్లోరల్ హైడ్రేటు, తరువాత డయజిపాం, ఆ తరువాత ఆల్ప్రజోలం కలిపారు. ఇవి డాక్టరు చీటీ మీద నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మందులు. తాగేవాడికి తెలియకుండానే కల్లుకు కాక మందుకు అలవాటు పడ్డాడు.

ఆ అలవాటు ఎంత లోతుగా పోయిందో 2015 సెప్టెంబరులో బయటపడింది. అధికారులు కల్తీ మీద గట్టిగా పట్టుపట్టగానే నిజామాబాదు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో మనుషులు వణుకుతూ, మూర్ఛలు పోతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. మంచి కల్లు తాగినందుకు వచ్చిన జబ్బు కాదది, మందు అందనందుకు వచ్చిన జబ్బు.

ఇక పట్నం సంగతి. 2004లో హైదరాబాదు జంటనగరాలలో కల్లు దుకాణాలను మూసివేశారు. చెప్పిన కారణం ఆబ్కారీ శాఖలో పనిచేసిన నాకు ఎప్పటికీ మరుపురాదు: నగరానికి 50 కిలోమీటర్ల లోపల సరిపడా చెట్లు లేవు, చెట్లు లేనప్పుడు అమ్ముతున్నది కల్లు ఎలా అవుతుంది? చాలా సూటి ప్రశ్న. ఆ మూసివేతతో రోడ్డున పడ్డ కుటుంబాల బాధా నిజమే. తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో కె. చంద్రశేఖరరావుగారి ప్రభుత్వం ఆ దుకాణాలను మళ్ళీ తెరిపించింది. చెట్ల పన్నును కూడా రద్దు చేసింది. 2015లో మొదలైన హరితహారంలో చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు నాటించింది. మొక్కలు నాటడం మంచి ఆలోచన. కాని తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేను, ఇరవై ఏండ్లు పడుతుంది. దుకాణం తలుపు ఒక్క జీవోతో తెరుచుకుంటుంది, చెట్టు అలా తెరుచుకోదు.

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కాంపౌండ్లలో కల్లు తాగినవారు పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. పరీక్షలలో ఆల్ప్రజోలం బయటపడింది. చనిపోయినవారు రోజు కూలీలు, వయసు మళ్ళినవారు. 2004లో వేసిన ప్రశ్నకు 21 ఏండ్ల తరువాత కూడా జవాబు రాలేదన్నమాట.

ఊళ్ళోని దుకాణం

పట్నంలో చెట్టు లేకపోయినా కాంపౌండు నడిచింది. మా వైపు ఊళ్ళలో దీనికి తలకిందులైన పని జరిగింది. చెట్టు పోగానే దుకాణం కూడా పోయింది.

1990ల చివరి నుంచి మా వైపు భూమి ధరలు పెరిగాయి. 2006లో రావిర్యాల పక్కన ఫ్యాబ్ సిటీ పథకం వచ్చింది. తరువాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ వెంట వెంచర్లు వచ్చాయి. వెంచరు వేసేవాడు మొదట చేసే పని గట్లు చదును చేయడం. గట్టు పోతే తాడు పోతుంది. వాగు పూడితే ఈత పోతుంది. 2018లో ఊరు తుక్కుగూడ మునిసిపాలిటీలో కలిసి పట్టణమయింది. 2025 సెప్టెంబరులో రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా కొత్త రోడ్డుకు శంకుస్థాపన జరిగింది. అభివృద్ధి వద్దని ఎవరూ అనరు. నా పిల్లలు, మీ పిల్లలు ఆ రోడ్ల మీదనే ఉద్యోగాలకు పోతున్నారు. నేను చెప్పేది లెక్క సంగతి మాత్రమే. లైసెన్సు నిలబడేది చెట్ల నంబర్ల మీద. నంబరు వేయడానికి చెట్టు లేని ఏడాది లైసెన్సుకు అర్థం లేదు.

ఇలాంటి దుకాణం మూతపడేటప్పుడు చప్పుడు ఉండదు. ఎవరూ తాళం వేయరు, ఎవరూ ధర్నా చేయరు. ముందు ఇద్దరు గీసేవారు తగ్గుతారు. కొడుకులు చెట్టెక్కమంటారు. తండ్రులు కూడా ఎక్కమని అనరు, ఎందుకంటే చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవారిని చూసినవారే వారంతా. వారం రోజులకొకసారి, ఆదివారం మాత్రమే పోస్తారు. ఆ తరువాత పండుగకు మాత్రమే. చివరకు బోనానికి సాక పోయడానికి కూడా పక్క ఊరి నుంచి సీసాలో తెచ్చుకుంటారు. ఆ సీసా వచ్చిన రోజే ఊరి దుకాణం మూతపడ్డ రోజు.

గీసినవారి పిల్లలు ఏమయ్యారు? కొందరు ఆటోలు, కొందరు ప్లాట్ల బేరం, కొందరు చదువుకుని ఉద్యోగాలు. 2021 మద్యం విధానంలో లైసెన్సు దుకాణాలలో గౌడులకు 15 శాతం కేటాయించారు. కులవృత్తికి అది ఒక గుర్తింపే. అయితే అక్కడ అమ్మేది డిస్టిలరీ సీసా. మోకు, ముస్తాదుతో దానికి సంబంధం లేదు. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. పులియని తియ్యటి నీరాకు అక్కడ ఒక మర్యాద దొరికింది. ఇప్పటికీ చెట్టెక్కేవారి కోసం 2024 జూలై 14న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు మన జిల్లాలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కొత్త కిట్లు పంచడం ప్రారంభించారు. గౌండ్లవాళ్ళు చెట్టెక్కే ముందు తలచుకునే దేవుడు కాటమయ్య. ఇన్ని తరాలుగా ఒక్క మోకు మీద ప్రాణం పెట్టి ఎక్కినవారికి అందిన మంచి సాయం అది. రెండు తరాల ముందు అంది ఉంటే ఎన్ని నడుములు నిలిచేవో.

రాసి పెట్టవలసినది

ఇంగ్లండు పల్లెలలో కూడా ఊరి మధ్య తాగే ఇల్లు ఒకటుంటుంది. దాన్ని పబ్ అంటారు. అక్కడ కూడా ఏటా కొన్ని మూతపడుతున్నాయి. 2011లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఊరివారు తమ పబ్‌ను ఊరి ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. యజమాని అమ్మదలిస్తే తామే చందాలు వేసుకుని కొనడానికి వారికి కొంత గడువు దొరుకుతుంది. కొన్ని ఊళ్ళు అలా కొనుక్కుని నడుపుకుంటున్నాయి. మూతపడ్డ పబ్ చరిత్రను కూడా వారు శ్రద్ధగా రాసుకుంటారు: ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, బోర్డు మీద బొమ్మ ఏమిటి అని.

మన దుకాణానికి గోడలు మట్టివి, పైకప్పు తాటాకుది, బోర్డు లేదు. కొని కాపాడుకోవడానికి అక్కడ భవనం లేదు. మన దుకాణం అసలు ఆస్తి చెట్టు, చెట్టును చదివే మనిషి. ఆ రెండూ ఉన్నంతకాలం అది ఊరి చోటుగా నిలిచింది. ఆ రెండింటి నుంచి విడిపోయిన ప్రతిసారీ చెడింది: హర్రాజు కాలంలో గీసేవాణ్ణి కూలివాణ్ణి చేసింది, కాంపౌండు కాలంలో తాగేవాడి ప్రాణం తీసింది. ఉద్యోగంలో ఇన్నేండ్లు లెక్కలు రాసి నేను తెలుసుకున్నది ఇదే. కల్లు దుకాణాల మీద ఎప్పుడు చర్చ వచ్చినా, మూయాలా తెరవాలా అనే వాదిస్తారు. అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ఈ దుకాణానికి చెట్లు ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఎవరు గీస్తున్నారు? ఈ మూడింటికి జవాబుంటే అది కల్లు. లేకపోతే అది మరేదో.

సభ్యులకు ఒక విన్నపం. మీలో రెవెన్యూ, పంచాయతీరాజ్, విద్యాశాఖలలో ఊరూరా తిరిగి పనిచేసినవారు ఉన్నారు. మీ ఊళ్ళో మండువ ఎక్కడ ఉండేది, ఈతవనం ఏ చెరువు కింద ఉండేది, చివర చెట్టు గీసినది ఎవరు అన్న సంగతులు తెలిస్తే రాసి సంఘం కార్యాలయానికి పంపండి. ఆ పెద్దమనుషులు ఇంకా ఉంటే వెళ్ళి ఒక పూట కూర్చుని అడగండి. గుడికి శాసనం ఉంటుంది, గడీకి గోడ ఉంటుంది. గౌండ్లాయన చెట్టుకు మిగిలింది మన జ్ఞాపకమే. వచ్చిన వివరాలను వరుసగా కూర్చి తరువాతి సంచికలో ఇచ్చే బాధ్యత నాది.